ఆరూ పది

తలుపు చప్పుడయింది. టీచరమ్మ గడియారం వంక చూసింది. ఆరూ పది.

ఆవిడ చేతిలో చాక్‌పీసు పుటుక్కున విరిగింది.

“మహారాణిగారు వేంచేశారు. ఎవరైనా తలుపు తీయండమ్మా.”

ప్రార్థన మందిరం వాళ్లు కింది గదిలో నడిపే ఇంగ్లీషు బడి అది. చదువు ఉచితం, రూళ్లు మాత్రం బోలెడు. సరిగ్గా ఐదున్నరకు ప్రార్థన. బడిలో పేరున్నవాళ్లకే పైన హాస్టల్లో మంచం. దేశం కాని దేశానికి పొట్ట చేతపట్టుకుని వచ్చిన తొమ్మిది మంది ఆడవాళ్లు అక్కడ చదువుకుంటున్నారు. అందరిదీ ఆసుపత్రి లాండ్రీలోనే పని. పరీక్షలో నాలుగు ముక్కలు ఇంగ్లీషు మాట్లాడితే ఆ ఆవిరి గదిలోంచి బయటపడి వార్డులో ఆయా పనికి మారొచ్చు.

ఎనిమిది మంది ఠంచనుగా వస్తారు. వేళకు వస్తే గోడమీది చార్టులో ఒక బంగారు చుక్క అంటిస్తుంది టీచరమ్మ. ఎనిమిది వరసలు ధగధగలాడుతున్నాయి. తొమ్మిదో వరసలో ఒక్క చుక్క లేదు.

ఆ తొమ్మిదో ఆవిడకి టీచరమ్మ మనసులో ఎప్పుడో పేరు పెట్టేసుకుంది. ‘ఆరూ పది’.

లోపలికి వచ్చింది ఆరూ పది. యాభై దాటిన మనిషి. మోచేతులదాకా తడి, ఒంటినిండా బ్లీచింగ్ వాసన.

“మీదీ వీళ్లదీ ఒకటే లాండ్రీ కదా?”

“అవును మేడమ్.”

“వీళ్లకి కుదిరిన వేళ మీకొక్కరికే ఎందుకు కుదరదు?”

ఆవిడ తడి చేతులు తుడుచుకుంది. నేలచూపులు.

కోపం తలకెక్కిన మనిషికి ఎదుటివాళ్ల మౌనం పొగరులాగే కనిపిస్తుంది. టీచరమ్మకు ఒళ్లు మండిపోయింది.

“వచ్చేది ఆలస్యం, వచ్చాక నిద్ర. నిన్న నేను గొంతు చించుకుని పాఠం చెబుతుంటే మీరు గురక పెట్టారు. ఇదేమైనా సత్రమా?”

వెనక బెంచీలోంచి అందరికన్నా చిన్నది లేచింది.

“మేడమ్, పెద్దక్క రోజూ...”

వాళ్లంతా పెద్దక్క అని పిలిచే ఆరూ పది తలతిప్పి ఒక్క చూపు చూసింది. చిన్నది పెదవి కొరుక్కుని కూలబడింది.

అది చూసేసరికి అగ్గిమీద గుగ్గిలమైంది టీచరమ్మ.

“ఓహో, వీళ్ల నోళ్లు మూయించడం కూడానా? రేపు మందిరం కమిటీ పెద్దాయన వస్తున్నారు. ప్రార్థన వేళకు ఒక్క బెంచీ బోసిగా కనిపించినా క్లాసు ఎత్తేస్తానన్నారు. మీ ఒక్కరి వల్ల ఈ ఎనిమిది మంది నోట్లో మట్టి కొట్టమంటారా?”

“వద్దు మేడమ్. వీళ్ల చదువు ఆగకూడదు.”

“అయితే రేపటినుంచి మీరు రాకండి.”

రిజిస్టరు తెరిచి ఎర్ర పెన్నుతో ఆ పేరు కొట్టేసింది. ఒకసారి కాదు, కాగితం చిరిగేలా రెండుసార్లు.

పెద్దక్క నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది. వేళ్లు పగిలి ఉన్నాయి, సంచి జిప్పు చేతికి చిక్కడం లేదు. టీచరమ్మ అదీ చూడలేదు.

“ఒక్కమాట మేడమ్. వీళ్లకి పరీక్ష ఎప్పుడు?”

“నెలాఖరున. మీకెందుకు?”

“ఊరికే.”

తలుపు చప్పుడు కాకుండా చేరవేసి వెళ్లిపోయింది.

‘పీడ విరగడైంది’ అనుకుంది టీచరమ్మ.

మర్నాడు ఐదుంబావుకే పెద్దాయన వచ్చి కూర్చున్నాడు.

ఐదున్నరయింది. బెంచీల్లో పురుగు లేదు.

“వచ్చేస్తారండీ. మా వాళ్లు గడియారం కన్నా ఖచ్చితం” అంది టీచరమ్మ, చార్టు చూపించి.

పెద్దాయన చుక్కల్ని చూశాడు. బెంచీల్ని చూశాడు. లేచి ఆ ఖాళీ బెంచీలకే ప్రార్థన చదివాడు. ఆరు దాకా ఓపిక పట్టాడు.

“సోమవారం నుంచి ఈ గది పాటలవాళ్లకి ఇచ్చేస్తున్నానమ్మా” అని వెళ్లిపోయాడు.

టీచరమ్మ కసిగా డస్టరు బల్లకేసి కొట్టింది. ఒక్క మనిషిని పొమ్మంటే ఎనిమిది మందీ కట్టగట్టుకుని మానేస్తారా? అడగ్గానే దొరికిన చదువంటే ఇంత అలుసా?

తలుపు చప్పుడయింది. ఆరూ పది.

విసురుగా తీసింది. ఎనిమిది మందీ రొప్పుతూ నిలబడి ఉన్నారు. మోచేతులదాకా తడి. గుప్పున బ్లీచింగ్ వాసన.

“రండి. క్లాసు ఎత్తేశారు, చూసి సంతోషించండి. మీ పెద్దక్కే చెప్పిందా ఇలా చేయమని?”

“పెద్దక్క ఊళ్లో లేదు” అంది చిన్నది. గొంతులో మేడమ్ లేదు.

“ఎక్కడికి పోయింది?”

“మీరు పేరు కొట్టేశారుగా. రాత్రికి రిజిస్టరు పైకెళ్లింది. తెల్లారేసరికి వార్డెనమ్మ పెట్టె తెచ్చి మెట్లమీద పెట్టేసింది. ఇక్కడ తల దాచుకునే చోటు లేక ఎక్కడో చెల్లెలుందని బస్సెక్కింది.”

హాస్టలు మాట టీచరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఒక్క క్షణం తడబడింది. అయినా కోపం దిగలేదు.

“ఆవిడ పోతే పోయింది. రోజూ ఐదున్నరకు వచ్చేవాళ్లు, ఈవేళ మీకేం రోగం?”

చిన్నది గోడమీది చార్టు దగ్గరికి నడిచింది. తన వరసలోని చుక్కని గోటితో గీకింది. ఒకటి, ఇంకొకటి. కళ్లలో నీళ్లు లేవు, నిప్పులున్నాయి.

“మా డ్యూటీ ఆరింటిదాకా. ఆరింటికి దుప్పట్ల బండి నిండితే చాలు, ఎవరు మడతపెట్టారని లాండ్రీలో ఎవరూ చూడరు. ముందే వెళ్లిపోతున్నామని బయటపడితే మాత్రం మా పని ఊడుతుంది. అందుకే నిన్న పెద్దక్క నన్ను నోరు విప్పనివ్వలేదు.”

చిన్నది గోటికింద ఇరుక్కున్న బంగారు రేకును టీచరమ్మ బల్లమీద విదిలించింది.

“రోజూ ఐదింటికే మమ్మల్ని ఇక్కడికి తోలేసి, మా ఎనిమిది మంది దుప్పట్లూ ఒక్కతే మడతపెట్టి, ఆరూ పదికి వచ్చేది.”