పాప ఉన్న లోకాలు

"ఇందులోనూ పాప బతికే ఉందా?" టైపు చేస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఉంది," అన్నాడు భర్త, కిటికీ వైపు తిరిగి.

సమాంతర లోకాల మీద అతను రాస్తున్న నవల అది. చేత్తో రాసేది అతను, కంప్యూటర్‌లోకి ఎక్కించేది ఆమె.

వాళ్ల పాప స్కూటర్ ప్రమాదంలో పోయి ఏడాది దాటింది. ఆ రోజు బండి నడిపింది అతనే. ఆ మాట ఇద్దరూ ఎత్తరు. నవల్లో మాత్రం పాప ఒక లోకంలో ఈత నేర్చుకుంటోంది, ఇంకో లోకంలో రెండు జడలు వేయమని తల్లితో పోట్లాడుతోంది. ఆ పేజీల కోసమే ఆమె రోజూ టైపు చేయడానికి కూర్చునేది.

ఇవాళ ఎందుకో అనుమానం వచ్చి, మొదటి అధ్యాయం దాకా వెనక్కి వెళ్లి చూసింది.

"ఏమండీ, అన్ని లోకాల్లోనూ పాపా నేనూ ఉన్నాం. మీరేరీ?"

అతను చేతిలోని కాగితాలు సర్దసాగాడు.

"ఒకదాంట్లో పాప పుట్టకముందే జ్వరంతో పోయారు. ఇంకోదాంట్లో మమ్మల్ని వదిలేసి ఎటో వెళ్లిపోయారు. ఇదేంటండీ?"

"నేను లేకపోతే పాప ఉండేది కదా," అన్నాడతను మెల్లగా. "ఎన్ని రకాలుగా రాసినా అక్కడికే వస్తోంది."

ఇన్నాళ్లూ తనొక్కతే కుమిలిపోతున్నాననుకుంది. మనసులో అతన్ని ఎన్నిసార్లు తిట్టుకుందో! అతను పేజీ పేజీకీ తనను తానే చెరిపేసుకుంటున్నాడని తెలుసుకోలేకపోయింది.

లేచి వెళ్లి అతని పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"ఆ లోకాల్లో నాకు పాపైనా ఉంది," అంది. "ఇక్కడ మీరు తప్ప నాకెవరున్నారండీ?"