లైప్‌జిగ్‌లో అచ్చ జర్మన్

2230 నాటికి జర్మనీలోని లైప్‌జిగ్ నగరానికి తెలుగువారి వలస మొదలై రెండు శతాబ్దాలు దాటింది. తెనాలి నుంచి నిన్ననే వచ్చిన వైదేహికి గది అద్దెకిస్తూ, ముసలావిడ హెడ్విగ్ ఒకటే షరతు పెట్టింది: ఇంట్లో అచ్చ జర్మన్ తప్ప పరాయి మాట వినిపిస్తే గది ఖాళీ చేయాలి.

పాతకాలపు పాఠ్యపుస్తకాలు వల్లెవేసి వచ్చిన వైదేహి ఆచితూచి మాట్లాడుతోంది. ఉదయం వేడి కాఫీ చేతిమీద ఒలికింది.

“అయ్యో!” అనేసి, ఇక గది పోయినట్టేనని నాలుక కరుచుకుంది.

హెడ్విగ్ ముఖం విప్పారింది. “హమ్మయ్య, ఇప్పటికి నోరు తిరిగింది! నిన్నటినుంచీ శిలాశాసనంలా మాట్లాడుతుంటే బెంగపడ్డాను.”

“అది మా తెలుగు మాటండీ...”

“చాల్లే! మా ముత్తవ్వల నాటి అచ్చ జర్మన్ మాట.” రొట్టెమీద గోంగూర పచ్చడి రాసి అందించింది. “ఇదీ మా ఊరి వంటే. కారం, నెమ్మదిగా తిను.”