బెలిసారియో గారి అసలు సిసలు యంత్రం

"దీన్ని ఆసిలోస్కోప్ అంటారా అమ్మాయీ? దానికి దూరపు చుట్టం కూడా కాదు ఇది!"

థీసిస్ పరీక్ష గదిలో ఇంజనీరు బెలిసారియో పకపకా నవ్వాడు. ఆయన నవ్వితే మిగతా ఇద్దరు పరీక్షకులూ నవ్వాలి. ఒరూరో ఊళ్లోని ఆ కాలేజీ రివాజు అది. నవ్వారు.

బల్ల మీద విద్యార్థిని యోలా పాత లాప్‌టాప్ బ్యాటరీతో నడుస్తోంది. దాని పక్కన అరచేతంత సర్క్యూట్ బోర్డు. వైర్లోంచి వచ్చే కరెంటును ఆ బోర్డు అంకెలుగా మారుస్తుంది, యోలా రాసిన ప్రోగ్రామ్ ఆ అంకెలను తెర మీద అలగా గీస్తుంది. ఏడాదిన్నర కష్టం. బయట వరండాలో వాళ్లమ్మ పూలదండతో, రంగు కాగితాల ముక్కల సంచీతో, బాకాలు పట్టుకున్న నలుగురు చుట్టాలతో కాచుకుని ఉంది. పాసైతే ఇవాళే పట్టా. లేదంటే మరో ఏడాది ఆగాలి.

"పనిచేస్తుంది ఇంజనీరు గారూ. ఒక్కసారి చూడండి."

"ఉత్తినే చూడ్డమెందుకు? నా దాంతో పోల్చి చూద్దాం!"

ఆయన "నాది" అన్నది కాలేజీ వారి ఆసిలోస్కోప్‌నే. పిల్లలు ముట్టుకుంటే పాడైపోతుందని పదకొండేళ్లుగా దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాడు. పిల్లలు నల్లబల్ల మీద గీసిన అలలు చూసే తరించారు.

ఇవాళ దాన్ని ఊరేగింపుగా తెచ్చారు. పైన కప్పిన లేసు గుడ్డ తీశారు. గోడకున్న ఒకే ఒక్క సాకెట్ దగ్గర బెలిసారియో స్వయంగా వంగి, దాని ప్లగ్గు పెట్టి, లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"సిగ్నల్ పుట్టించే జనరేటర్ ఒక్కటే. దాని వైర్లు రెండు యంత్రాలకూ కలపండి. ఎవరి సంగతేమిటో తేలిపోతుంది!"

కలిపారు. ఆయన యంత్రం తెర మీద పచ్చటి అల నిండుగా పొంగింది. యోలా తెర మీద మాత్రం ఒక గీత అడ్డంగా పడి ఉంది, అంతే.

"అయ్యో పాపం, పడుకుందా? లేపకు తల్లీ, లేపకు!" అన్నాడు బెలిసారియో. "ఇటు చూడు, సిగ్నల్ అంటే ఇలా ఉంటుంది. సెకనుకు వెయ్యి అలలు, ఒక్కటి తగ్గదు!" లెక్కపెట్టకుండానే చెప్పాడు.

"అద్భుతం ఇంజనీరు గారూ!" అన్నాడు రెండో పరీక్షకుడు ఒవీదియో, కళ్లజోడు పెట్టుకోకుండానే.

యోలాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వైర్లు తడిమింది, బోర్డు తడిమింది, బల్ల కిందికి దూరింది.

ఈలోగా బెలిసారియో తీర్పు రాసేసి, మిగతా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, గొంతు సవరించుకుని చదివాడు. "జనరేటర్ పంపిన సిగ్నల్‌ను కాలేజీ యంత్రం నూటికి నూరుపాళ్లు చూపించింది. విద్యార్థిని యంత్రం మాత్రం సిగ్నలే లేదని చూపించింది. కనుక ఫెయిల్. ఏమైనా చెప్పుకునేదుందా అమ్మాయీ?"

"ఒక్కటే ఇంజనీరు గారూ." యోలా ఒక ప్లగ్గు పట్టుకుని బల్ల కిందనుంచి లేచింది. "మీ యంత్రానికి చోటు కావాలని ఇందాక మీరు గోడలోంచి పీకేసింది ఆ జనరేటర్ ప్లగ్గునే."