ఎవరూ విప్పలేని ముడి

“నన్ను కట్టొద్దండి,” అన్నాడు ఆ మనిషి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని.

గుహలో ఉన్న ఇరవై మందీ ఘొల్లున నవ్వారు. గైడు కూడా నవ్వాడు. పన్నెండేళ్ళుగా అతను సముద్రపు దొంగల నాయకుడి వేషం కట్టి, ఒక కంటికి నల్ల గుడ్డా నడుముకి అట్ట కత్తీ తగిలించుకుని, కొండ చరియలో చెక్కిన తొంభై మెట్లూ దింపి జనాన్ని ఈ గుహలోకి తెస్తున్నాడు. వచ్చిన వాళ్ళలో ఒకణ్ణి బందీగా పట్టుకుని గోడకున్న ఇనప కడియానికి కట్టెయ్యడం ఆటలో అసలు ఘట్టం. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు. పైగా నన్ను కట్టంటే నన్ను కట్టంటూ ఎగబడేవాళ్ళు.

“ఊరికే సరదాకి సార్. ఫొటో బాగా వస్తుంది.”

“సరదా అయితే ఇంకెవరినైనా కట్టండి.”

మనిషి సన్నగా ఉన్నాడు. అంత ఉక్కపోతలోనూ పొడుగు చేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు. మెట్లు దిగేటప్పుడే గైడుకి అతని మీద ఒళ్ళు మండింది. “దొంగలు వికటాట్టహాసం చేస్తూ ఓడ మీదికి దూకేవాళ్ళు!” అని గొంతు చించుకుని చెబుతుంటే, “నవ్వరండి. ఎక్కేటప్పుడు చప్పుడే ఉండదు,” అన్నాడు. పుస్తకాలు చదివొచ్చి తప్పులు పట్టే మేధావులు ఏడాదికి ఇద్దరైనా తగులుతారు. ఈ ఏటి వాటా ఇతనే అనుకున్నాడు గైడు.

భార్య అతని మోచెయ్యి పట్టుకుంది. “ఏమండీ, పైకి వెళ్ళిపోదాం. నేను ముందే వద్దన్నాను కదా.”

“ఎందుకెళ్ళాలి? చూడాలనే వచ్చాం. పూర్తిగా చూసే వెళదాం.”

“సారుకి భయమేస్తోందిరోయ్!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. మళ్ళీ నవ్వులు. గుహ కదా, ఒక్క నవ్వు పది నవ్వులై తిరిగొచ్చింది. వాళ్ళ కూతురు, ఎనిమిదేళ్ళుంటాయేమో, తండ్రి ముఖంలోకి చూసింది.

“నిజంగా భయమా నాన్నా?”

అతను తాడు వైపే చూస్తున్నాడు. గైడుకి సందు దొరికింది. ఇంతమంది ముందు ఆట పాడు చేసినవాణ్ణి ఊరికే వదిలేస్తే రేపు ప్రతివాడూ వద్దనేవాడే. తాడు ఝుళిపిస్తూ పిల్ల దగ్గరికి నడిచాడు.

“తండ్రి పిరికివాడైతేనేం, కూతురు ధీరురాలు! ఏం అమ్మడూ, నిన్ను కట్టేద్దామా?”

పిల్ల హుషారుగా చేతులు చాపింది. మొదటి చుట్టు పడిందో లేదో, తాడు మీద ఒక చెయ్యి పడింది.

“పిల్లని వదులు.” ఈసారి ‘అండీ’ లేదు. “నన్నే కట్టు.”

“అలా రండి దారికి!”

గైడు అతన్ని కడియం దగ్గరికి లాక్కెళ్ళి, మణికట్లు రెండూ కలిపి గబగబా ముడి వేశాడు. అతను దాన్ని ఒకసారి చూసుకున్నాడు.

“ఇదీ ఒక ముడేనా? మా అమ్మాయి బూటు లేసు ఇంతకంటే గట్టిగా కడుతుంది. బిగించు.”

గైడు ఆ ముడి ఊడదీశాడు. రోజూ ముడి వేసినట్టు నటించేవాడు కాస్తా, తనకు వచ్చిన వాటిలోకెల్లా మొండి ముడి, పూర్వం దొంగలు వేసేవాళ్ళని జనానికి చెప్పే ముడి వేసి, ఏడు చుట్లు తిప్పి, గోడకి కాలు తన్నిపెట్టి మరీ లాగాడు. ఆ మనిషి నుదుట చెమటలు పట్టాయి. పెదవులు పాలిపోయాయి. కళ్ళు మాత్రం గైడు ముఖం మీద నుంచి కదల్లేదు. భార్య అటు తిరిగి నిలబడింది.

గైడు జనం వైపు తిరిగి కత్తెత్తాడు. “మూడు వందల ఏళ్ళుగా ఈ ముడి విప్పిన మగాడు పుట్టలేదు! ఇక్కడ కట్టేసిన బందీలు, పోటు నీళ్ళు పీకల దాకా వచ్చినా...”

చప్పట్లు మోగాయి. గైడు పొంగిపోయి వంగి దండం పెట్టాడు. ఆ చప్పట్లు తనకి కాదని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

“పళ్ళతో విప్పేశాడు! మా నాన్న పళ్ళతో విప్పేశాడు!” అని పిల్ల గెంతుతోంది. వెనక్కి తిరిగితే, అతను తాడు చుట్ట చుట్టుకుని నిలబడి ఉన్నాడు.

“చేతులిలా ఇవ్వు,” అన్నాడు.

ఎందుకని అడిగేలోపే గైడు మణికట్లు రెండూ ఇనప కడియానికి అంటుకుపోయాయి. అదే ముడి. రెండే చుట్లు. గైడు నవ్వుతూ గుంజాడు. తర్వాత నవ్వు మానేసి గుంజాడు. గుంజిన కొద్దీ బిగుసుకుంది. బయట ఒక పెద్ద అల వచ్చి గుహ నోటి దగ్గర ఫెళ్ళున విరిగింది. జనం ఫొటోలకి ఎగబడ్డారు.

“విప్పండి సార్,” అన్నాడు చివరికి. ఆ గొంతులోంచి దొంగల నాయకుడు ఎప్పుడో పారిపోయాడు.

“సరదా తీరిందా?” అంటూ అతను తాడు కొస పట్టి ఒక్క లాగు లాగాడు. ముడి జారిపోయింది.

“మా నాన్నకి భయం లేదు!” అంది పిల్ల అందరికీ వినపడేలా.

“ఉందమ్మా,” అన్నాడు అతను. “ఉన్నా దిగొచ్చాగా.”

అందరూ మెట్లెక్కుతుంటే గైడు మణికట్లు రుద్దుకుంటూ అతని వెనకాలే పరిగెత్తాడు. పరువు పోతే పోయింది, ఆ కిటుకు తెలిస్తే ఆట ఇంకో పన్నెండేళ్ళు ఆడించొచ్చు.

“సార్, తమరు సర్కస్‌లో చేస్తారా?”

“వంటవాణ్ణి.”

“వంటవాళ్ళకి ఈ ముళ్ళెక్కడివి సార్? ఏ పుస్తకంలో ఉందో చెబితే కొనుక్కుంటాను.”

అతను చెమటకి అంటుకుపోయిన చొక్కా గుండీలు విప్పి, చేతులు మోచేతుల దాకా మడిచాడు. రెండు మణికట్ల చుట్టూ నల్లగా కమిలిన పాత మచ్చలు.

“సరుకు ఓడలో వంటవాణ్ణి. దొంగలు మా ఓడని పట్టుకుపోయాక పదకొండు నెలలు వాళ్ళకీ నేనే వండిపెట్టాను,” అన్నాడు. “కూరలో ఉప్పెక్కువైన రోజున ఈ ముడే వేసేవాళ్ళు.”