సైకిల్ షాపు దాటి

"ఆగింది! మళ్లీ అక్కడే ఆగింది!" సైకిల్ బెల్లు మోగిస్తూ అరిచాడు అన్న.

సైకిల్ షాపు ముందు గుండీ మోకాళ్ల మీద చేతులానించి వంగిపోయింది. ఊపిరి అందడం లేదు. పంక్చరు వేస్తున్న మనిషి తలెత్తి చూడను కూడా లేదు. అతనికిది రోజూ ఉండేదే. దూరంగా రోడ్డు చివర పంపుహౌసు గోడ, గోడ మీద సుద్దగీత, గీత పక్కన మెడలో టేపుతో నాన్న. ఇంటి నుంచి ఆ గీత చేరితే రెండు కిలోమీటర్లు.

నాన్న దర్జీ. ఆయన కుట్టిన చొక్కాలకు గుండీలు కుట్టేది కూతురు. అందుకే వీధి వీధంతా ఆమెను గుండీ అనే పిలుస్తుంది. ఫైర్ స్టేషన్‌లో ఆడవాళ్లను తీసుకుంటున్నారని తెలిసి దరఖాస్తు పెట్టింది. రాతపరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలింది పరుగు. రెండు కిలోమీటర్లు ఆగకుండా పరిగెత్తాలి. మధ్యలో ఆగినా, నడిచినా ఇంటికే. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

మొదట్లో వీధి చివరికి చేరేసరికే కళ్లు బైర్లు కమ్మేవి. కాసేపు పరుగు, కాసేపు నడకగా సాగించింది. నడక తగ్గించుకుంటూ వచ్చింది. ఇప్పుడు నడక లేదు. కానీ సైకిల్ షాపు దగ్గర తల పైకి లేస్తుంది. మిగిలిన దూరం కంట పడుతుంది. అంతే, కాళ్లు లొంగిపోతాయి.

"పరీక్ష రేపే చెల్లీ" అంటూ అన్న సైకిల్ దిగాడు. "సైకిల్ షాపు దాటలేనిదానివి మంటలేం ఆర్పుతావు? నిన్ను చూసి జాలిపడి ఆ మంటే ఆరిపోవాలి."

"రేపు దాటుతా."

"ఈ మాట వినీ వినీ నా చెవులు అరిగిపోయాయి. నా మాట విని వెళ్లకు. పదిమందిలో చతికిలబడితే నవ్విపోతారు."

"నవ్వితే వాళ్ల పళ్లే బయటపడతాయి. నాకేం పోయింది?"

"పరువు పోతుంది. నీదే కాదు, ఇంటిది."

"ఇంటి పరువుని ఇంట్లోనే కూర్చోమను. పరిగెత్తేది నేను."

నాన్న నెమ్మదిగా నడిచొచ్చాడు. "దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనీరా" అన్నాడు.

"నీ ముద్దే దీన్నిలా తయారు చేసింది నాన్నా. రోడ్డుని బట్టల టేపుతో కొలిచిన మహానుభావుడివి నువ్వు!"

"మనింట్లో ఇంకో టేపు ఎక్కడుందిరా?"

నిజమే. ఒక సెలవురోజంతా ఆయన మోకాళ్ల మీద పాకాడు. టేపు పరవడం, సుద్దతో గీత గీయడం, అక్కణ్ణుంచి మళ్లీ టేపు పరవడం. రెండో కొస గుండీ పట్టుకుంది. దారినపోయేవాళ్లు ఆగి, రోడ్డుకి లాగూ కుడుతున్నారా అని అడిగి మరీ వెళ్లారు.

"సరే, రేపు ఆగిపోతే?" అన్న వదల్లేదు.

"బతికినన్నాళ్లూ నీ చొక్కాల గుండీలు నేనే కుడతా. ఆగకపోతే నీ గుండీలు నువ్వే కుట్టుకోవాలి."

"నాన్న సాక్షి!"

"సరేరా, సాక్షినే" అన్నాడు నాన్న.

మర్నాడు పరుగు ఫైర్ స్టేషన్ ముందు మొదలైంది. చూడ్డానికి నాన్నా, అన్నా వచ్చారు. గోదాముల చుట్టూ తిరిగి స్టేషన్ వెనక వైపుకి రావాలి. ప్రతి మలుపులోనూ రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీత గీశారు.

విజిల్ వినగానే గుండీ తల దించుకుంది. ఇక ఎత్తేది లేదని ఒట్టు పెట్టుకుంది. మిగిలిన దూరం చూస్తేనే కదా కాళ్లు లొంగేది!

పక్కన ఎవరో దగ్గుతూ ఆగిపోయారు. ఆమె చూడలేదు. ఎవరో దాటి వెళ్లారు. అదీ చూడలేదు. గొంతు ఎండింది. డొక్కలో పోటు మొదలైంది. రోజూ పరిగెత్తే దారిలో అయితే ఈపాటికి సైకిల్ షాపు వచ్చేది అనుకుంది. కాళ్ల కింద నుంచి మరో సున్నం గీత వెళ్లిపోయింది.

"ఆగు!"

అన్న గొంతు. గుండీ పళ్లు బిగబట్టింది. "ఆగను!"

"ఆగమ్మా! ఏయ్, నిన్నే!" ఈసారి ఇంకెవరో. విజిల్ కూడా మోగింది. వెనక బూట్ల చప్పుడు.

"ఆగనంటే ఆగను!"

బూట్లు దగ్గరయ్యేకొద్దీ ఆమె వేగం పెంచింది. చివరికి ఫైరింజన్ చక్రం అడ్డొచ్చింది. రెండు చేతులతో దాన్ని పట్టుకుని అప్పుడు తలెత్తింది.

ఆఫీసరు రొప్పుతూ వచ్చాడు. "చెవుడా నీకు? గీత అక్కడుంటే ఇక్కడిదాకా వచ్చావేంటి?"

"ఇంకా ఉంది సార్... సైకిల్ షాపు దగ్గర్నుంచి గోడదాకా..."

"ఏ షాపు? ఏ గోడ? రెండు కిలోమీటర్లు ఎప్పుడో అయిపోయాయి. నువ్వు పాసయ్యావు తల్లీ. మమ్మల్నెందుకు పరిగెత్తిస్తావు?"

అన్న వచ్చి ఆఫీసరు పక్కన నిలబడ్డాడు. అతనికీ ఆయాసంగానే ఉంది. "సార్, మీ గీత ఒకసారి చూసుకోండి. రెండు కిలోమీటర్లంటే మా చెల్లికి రోజూ కొంచెం మిగిలిపోతుంది. ఇవాళ అది దాటి ఇంత దూరం ఎలా వచ్చింది?"

"దూరం కొలిచే చక్రం బండితో రెండుసార్లు కొలిచి గీశాం. మా గీతలో తేడా లేదు."

అప్పటికి నాన్న వచ్చి చేరాడు. ముగ్గురూ ఆయన వైపు తిరిగారు. ఆయన మెడలో టేపు తడుముకున్నాడు. కుడిచేతి వేళ్లు విప్పి చూసుకున్నాడు.

"రోడ్డు మీద టేపు వేసిన ప్రతిసారీ" అన్నాడు కూతురితో, "కుట్లలోకి పోతుంది కదాని నాలుగు వేళ్లు ఎక్కువే వదిలానమ్మా!"