మొదటి పదిమంది

“మొదటి పదిమందీ తేలితే చాలు. మిగతావాళ్ల వరస నాకొద్దు,” అన్నాడు ఆసుపత్రి సూపరింటెండెంటు, గుమ్మంలోనే నిలబడి.

“మిగతావాళ్లనీ సర్దేస్తాను సార్, దానికేం భాగ్యం?”

“అక్కర్లేదయ్యా బాబూ! చిన్న అంకె ఉన్నవాళ్లు ముందు. పది పేర్లు రాగానే కాగితం హెడ్ నర్సుకి పంపించెయ్. మిగతావాళ్లు ఎక్కడికీ పోరు.”

ఆ అంకె ఏమిటని చిన్నోడు అడగలేదు. ముప్పై ఆరేళ్లొచ్చినా ఇంట్లో అతను చిన్నోడే. ఆసుపత్రిలో మాత్రం కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఆయన. ఇచ్చినదాన్ని సర్దిపెట్టడమే అతని పని. ఏం సర్దుతున్నామని అడిగే అలవాటు ఎప్పుడో పోయింది. అతను వాడే ప్రోగ్రామింగ్ భాషలో సరిగ్గా ఇలాంటి పనికే ఒక ఆదేశం ఉంది. అడిగినన్ని పేర్లను వరసలో పెట్టి, మిగిలినవాటిని ఎలా పడితే అలా వదిలేస్తుంది. ఒక్క లైనుతో పని తెమిలిపోయింది.

జ్వరాల వార్డులో నూట ఎనభై మంది. అందరినీ మత్తులో ఉంచి, మిషన్లతో ఊపిరి ఆడిస్తున్నారు. మిషన్లు చాలక గేటు బయట ఇంకా అంబులెన్సులు బారులు తీరే ఉన్నాయి. రోజూ పొద్దున్నే డాక్టర్లు ఒక్కో మనిషికీ ఒక అంకె వేస్తారు. పదింటికి జాబితా వెళ్తుంది. పదకొండింటికి మైకులో పదిమంది పేర్లు పిలుస్తారు. వాళ్లని కొత్త వార్డుకి మార్చి పెద్ద డాక్టర్లు చూస్తున్నారని ఆవరణలో కాచుకున్న బంధువులు చెప్పుకునేవారు. పేరు వినపడగానే ఆ ఇంటివాళ్లు వెనక గేటు వైపు పరుగెత్తేవారు. మళ్లీ ఇటు మొహం చూపించేవారు కాదు.

“అదృష్టవంతులు, గట్టెక్కారు,” అంటూ మిగతావాళ్లు ఆ ఖాళీ బెంచీల మీదికి జరిగేవారు.

ఆ నూట ఎనభై మందిలో చిన్నోడి అన్నయ్య ఒకడు. తాళాలు బాగుచేస్తాడు. చిన్నోడికి ఈత దగ్గర్నుంచి అన్నీ నేర్పిన మనిషి.

“చిన్నోడా, పదకొండు! మీ అన్నయ్యది పదకొండో పేరు!” అంది వదిన, అతని గదికొచ్చి భుజం మీదుగా కంప్యూటర్ తెర చూసి. “ఇంకేం, రేపు పిలుస్తారు!”

ఆ మొహం చూసి అతను కాదనలేక తెర ఆపేశాడు.

మర్నాడు అదే పేరు తొంభై మూడో లైనులో ఉంది.

“ఒక్క రోజులో ఎనభై మంది మధ్యలో ఎలా దూరారయ్యా? ఎవరి సిఫారసు?”

“అది కాదు వదినా. అన్నయ్య తాళంచెవుల డబ్బా చూశావుగా. రోజూ కావలసిన పదింటినీ ఏరి కొక్కేలకి వరసగా తగిలిస్తాడు. మిగతావన్నీ డబ్బాలో కుప్ప. పైన కనపడిన చెవి పదకొండోదవుతుందా?”

“అంటే నిన్నటి పదకొండు అబద్ధమా?”

“అబద్ధమూ కాదు, నిజమూ కాదు. పది తర్వాత అసలు వరసే లేదు.”

“నేను దాన్ని పట్టుకునే నిన్నంతా బతికాను,” అంది వదిన. “పోనీ, డాక్టర్లు వేసిన అంకె ఎంత?”

చిన్నోడు మాట దాటేశాడు. మొన్న అరవై ఎనిమిది, నిన్న డెబ్భై ఒకటి, ఇవాళ డెబ్భై నాలుగు. మొదటి పదిమందిలో ఎవరి అంకే తొమ్మిది దాటదు. ఈ లెక్కన అన్నయ్య వంతు ఎప్పటికొచ్చేను? ఉన్నది నూట ఎనభై మందైనా ఎవరి అంకే నూరు దాటకపోవడం చిన్నోడి కంట పడకపోలేదు. డాక్టర్ల లెక్కలు డాక్టర్లవి అనుకుని ఊరుకున్నాడు.

“ఇదంతా నీ చేతిలో పనే కదా చిన్నోడా,” అంది వదిన మెల్లగా.

“ఒకణ్ణి లోపలికి తోస్తే ఆ పదిలో ఒకడు బయటికి పోతాడు వదినా. వాడికీ పెళ్లాం ఉంటుంది.”

“ఉండనీ!” అనేసి, తన మాటకి తనే జడిసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ మర్నాడు అన్నయ్య అంకె డెబ్భై తొమ్మిది. ఇంకా ఎంత వెనక్కి తోస్తారు ఆ మనిషిని? చిన్నోడు గది తలుపు గడియ పెట్టాడు. డెబ్భై తొమ్మిది చెరిపి, రెండు అని కొట్టాడు. అన్నయ్య పేరు ఒక్క గెంతుతో పైకెక్కింది. పదో చోట, పేరు పక్కన దర్జీ అని రాసి ఉన్న మనిషెవరో కుప్పలోకి జారిపోయాడు. చిన్నోడు ముక్కూ మొహం తెలియని ఆ దర్జీ కాళ్లు మనసులోనే పట్టుకున్నాడు. కాగితం హెడ్ నర్సుకి వెళ్లిపోయింది.

పదకొండింటికి అన్నయ్య పేరు పిలిచారు. వదిన చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది, వెనకే చిన్నోడు. వెనక గేటు దగ్గర బల్ల అవతల కూర్చున్న హెడ్ నర్సు తలెత్తకుండానే ఒక ఫారం ముందుకి తోసింది. వదిన చదవకుండానే సంతకం పెట్టేసింది.

“ఎవరి పుణ్యమో తల్లీ, మా వంతు వచ్చింది,” అంది, పక్కనే ఉన్న చిన్నోడి చెయ్యి గట్టిగా పట్టుకుని. “కొత్త వార్డులోకి మమ్మల్ని కూడా రానిస్తారా?”

హెడ్ నర్సు అప్పుడు తలెత్తింది. “ఏ కొత్త వార్డమ్మా?”

వదిన చిన్నోడి వైపు చూసింది. చిన్నోడు బల్ల మీది జాబితా వైపు చూశాడు. హెడ్ నర్సు ఆ కాగితాన్ని వాళ్ల వైపు తిప్పి, అన్నయ్య పేరు పక్కనున్న అంకె మీద వేలు పెట్టింది.

“నూటికి రెండు పాళ్లే బతికే ఆశ అని ఉంటే, మిషను తీసేశామమ్మా.”