రెండో స్థానం చాలు

"నెమ్మదిగా పొమ్మను. రెండో స్థానం చాలు," అన్నాడు ఛైర్మన్.

చీఫ్ ఇంజనీరు తెర మీంచి చూపు తిప్పలేదు. ఇంజన్ వేడి చూపించే గీత ఎరుపులోకి ఎక్కుతోంది. రేసులో ఇంక కొద్ది చుట్లే మిగిలాయి. ముందున్న కారు వెనకే, అంటుకున్నట్టుగా, తమ కారు పోతోంది.

"సార్, ఇంత దగ్గరికి మనమెప్పుడూ రాలేదు."

"ఇంజన్ పేలితే ఆ పొగ ఊరూరా టీవీల్లో కనిపిస్తుంది. ఆ తర్వాత మన షోరూం గడప ఎవడు తొక్కుతాడయ్యా?"

రేపు కంపెనీ బోర్డు మీటింగు. రేసుల్లో ఉండాలా, మూటాముల్లె సర్దుకోవాలా అన్నది రేపు తేలిపోతుంది. గ్యారేజీలో అందరికీ తెలుసు. గెలుపన్నది ఎరగని జట్టుని ఏ కంపెనీ మాత్రం ఎంతకాలం మేపుతుంది? ఈ ఒక్కటీ గెలిస్తే ఎవరి నోరూ లేవదు. చీఫ్ నమ్మకం అదే. ఇంకో నమ్మకం పెట్టుకునే ఓపిక అతనికి లేదు.

టైర్లు మార్చే అతని బావమరిది చెవి దగ్గరికొచ్చాడు.

"బావా, ఇవాళ పోయిందంటే రేపట్నించి నా మకాం మీ ఇంట్లోనే. అక్కకి ఇప్పుడే ఓ మాట చెప్పి ఉంచు."

"నోరు మూసుకుని టైర్లు చూసుకో."

"టైర్లకేం బావా, బాగానే ఉన్నాయి. నీ మొహమే బాగాలేదు."

రేడియోలో డ్రైవరు గొంతు వినిపించింది. "అన్నా, పొయ్యి మీద కూర్చున్నట్టుంది. వేగం తగ్గించనా?"

చీఫ్ వేలు రేడియో మీట మీద ఆగింది. తగ్గించమంటే చాలు. రెండో స్థానం, ఛైర్మన్ మెప్పు, అలవాటైన ఆ చిన్న ఓటమి. ఓటమి అతనికి చిన్నప్పట్నించీ పడుకున్న గది లాంటిది. చీకట్లో కూడా ఏ వస్తువు ఎక్కడుందో తెలుసు. ఆ గదిలోకే మళ్ళీ వెళ్ళి తలుపేసుకోవాలని ఒక్క క్షణం ఎంత బలంగా అనిపించిందంటే, తన మీద తనకే భయమేసింది.

"పోనివ్వండి," అంది వెనకనుంచి ఆర్థిక వ్యవహారాల డైరెక్టరమ్మ. "గెలిస్తే మంచిదేగా."

చీఫ్ ఆశ్చర్యంగా చూశాడు. ఈ జట్టుకి పోసే డబ్బుతో ఇంకో ఫ్యాక్టరీ కట్టొచ్చని ప్రతి మీటింగులోనూ లెక్క చెప్పే మనిషి ఆవిడ. ఇవాళ ఛైర్మన్ భుజం పక్కనే నిలబడి, ప్రతి చుట్టుకీ చప్పట్లు కొడుతోంది. మనుషులు మారతారు కాబోలు అనుకున్నాడు.

"నా మాట వినవయ్యా," అన్నాడు ఛైర్మన్. ఆ గొంతులో ఆజ్ఞ లేదు, బతిమాలుతున్నట్టుంది. అంత పెద్దమనిషికి ఇంత పిరికితనమా అనిపించింది చీఫ్‌కి.

మీట నొక్కాడు. "తగ్గించకు. ఇంజన్ సంగతి నేను చూసుకుంటా. దాటెయ్."

చివరి మలుపులో డ్రైవరు దాటేశాడు. ముగింపు గీత దాటాకే ఇంజన్‌లోంచి పొగ వచ్చింది.

గ్యారేజీ దద్దరిల్లిపోయింది. బావమరిది అతన్ని అమాంతం ఎత్తేశాడు. కాళ్ళు నేలకి తగిలేసరికి చీఫ్ ఏడుస్తున్నాడు. డైరెక్టరమ్మ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని నవ్వుతూ బయటికి వెళ్ళింది.

ఛైర్మన్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆనందం పట్టలేకపోతున్నాడనుకుని చీఫ్ ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"మాట జవదాటాను, క్షమించండి సార్. కానీ గెలిచాం. ఇంక మనల్నెవరూ ఇక్కణ్ణించి కదిలించలేరు."

ఛైర్మన్ చేతులు తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆవిడ పక్కనే ఉండగా అంతకంటే ఎలా చెప్పమంటావు?" అన్నాడు మెల్లగా. "ఓడిపోయి పారిపోయారనిపించుకోవద్దు, ఒక్కసారి గెలిచి ఆ మర్నాడే పరువుగా తప్పుకుందాం అని చెప్పే కదయ్యా, ఇన్నేళ్ళూ బోర్డుని ఆపుకొచ్చాను."